వివాహం సంస్కారమా, ఒప్పందమా? అసలీ వ్యవస్థ దేనికోసం?

మీరు అడిగినదాని సారాంశం ఇది. ఇంట్లో పెద్దవాళ్లు పెళ్లిని జన్మజన్మల సంస్కారం అంటున్నారు, మీతో పనిచేసే స్నేహితులు అది ఇద్దరు వయోజనుల మధ్య ఒప్పందం మాత్రమే అంటున్నారు. చరిత్రను బట్టి, తత్వాన్ని బట్టి వీటిలో ఏది నిలుస్తుంది? ప్రేమించుకున్న ఇద్దరు కలిసి బతకడానికి మధ్యలో ఈ వ్యవస్థ ఎందుకు? కావాలనుకున్నా, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం చేస్తే సరిపోదా? నేను హైదరాబాదు కుటుంబ న్యాయస్థానాల్లో చాలాకాలంగా వాదిస్తున్న న్యాయవాదిని, కొన్నేళ్లు న్యాయ విద్యార్థులకు కుటుంబ చట్టం బోధించాను. అందుకని చదివినదానితోపాటు కేసుల్లో చూసినదాన్ని కూడా కలిపి చెబుతాను.

సూటి సమాధానం: వివాహం అన్నిటికంటే ముందు ఒక సామాజిక హోదా. అందులోకి ఇద్దరూ సమ్మతితో, అంటే ఒక రకమైన ఒప్పందంతో ప్రవేశిస్తారు. ఆ ప్రవేశాన్ని పదిమంది ఎదుట ఖాయం చేసేది సంస్కారం. అయితే లోపలికి వెళ్లాక వర్తించే షరతులను మాత్రం ఆ ఇద్దరూ రాసుకోరు, సమాజం రాసి పెడుతుంది. మీ పెద్దలూ మీ స్నేహితులూ చెరొక భాగాన్ని పట్టుకుని వాదిస్తున్నారు. వివాహ చరిత్రను నేను ఎప్పుడూ రెండు ప్రశ్నలతోనే చదువుతాను: ఆ షరతులను రాసే అధికారం ఎవరి చేతిలో ఉండింది, అందులోంచి బయటికి వచ్చే హక్కు ఎవరికి దక్కింది.

హోదా అని ఎందుకంటున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇద్దరూ ఐటీ కంపెనీల్లో పనిచేసే ఒక జంట, పెళ్లికి ముందే నాలుగు పేజీల ఒప్పందం రాసుకుని నా దగ్గరికి వచ్చారు. విడిపోతే ఎవరూ ఎవరినీ భరణం అడగకూడదని, ఒకరి అప్పుకు మరొకరు బాధ్యులు కారని, ఇంకా ఇలాంటివి చాలా అందులో ఉన్నాయి. భరణం హక్కును ముందే వదులుకునే షరతును మన కోర్టులు ప్రజా విధానానికి విరుద్ధమని పక్కన పెడతాయని వాళ్లకు చెప్పాను. ఇద్దరూ ఇష్టపడి రాసుకున్నదాన్ని కోర్టు ఎందుకు కాదంటుందని ఆ అబ్బాయి నిజాయితీగానే అడిగాడు. నా జవాబు ఇది: ఇల్లు అమ్మకమైతే షరతులన్నీ మీ ఇష్టం; వివాహంలో మాత్రం పిల్లలు, వృద్ధులు, వారసులు, అప్పులిచ్చినవాళ్లు, రేపు దిక్కులేకుండా మిగిలినవాళ్లను పోషించవలసి వచ్చే సమాజం, అందరూ పరోక్షంగా కక్షిదారులే. అందుకే అది పూర్తిగా ఇద్దరి చేతిలో ఎక్కడా, ఏ కాలంలోనూ లేదు.

ఇక ఇది ఎలా పుట్టిందన్న విషయం. మహాభారతం ఆదిపర్వంలో పాండురాజు కుంతికి చెప్పే శ్వేతకేతువు కథ మీరు వినే ఉంటారు. పూర్వం స్త్రీలు స్వేచ్ఛగా ఉండేవారని, ఒక బ్రాహ్మణుడు తన తల్లి చేయి పట్టుకుని తీసుకుపోతుంటే చూసి సహించలేక ఉద్దాలకుని కొడుకు శ్వేతకేతువు దంపతులకు కట్టుబాటు విధించాడని ఆ కథ. దీన్ని చరిత్రగా తీసుకోలేం. కానీ వివాహం ప్రకృతి సిద్ధమైనది కాదని, ఒకానొక నాడు మనుషులు పెట్టుకున్న నియమమని మన సంప్రదాయమే ఒప్పుకోవడం నాకు చాలా విలువైన విషయంగా కనిపిస్తుంది. అదే కట్టుబాటును దాటే నియోగానికి, అంటే భర్త కాని వ్యక్తి ద్వారా సంతానం పొందే ఆచారానికి, కుంతిని ఒప్పించడానికే పాండురాజు ఈ కథ ఎత్తుకున్నాడన్నదీ గమనించవలసిన సంగతే.

పందొమ్మిదో శతాబ్దిలో పాశ్చాత్య పండితులు ఇదే ప్రశ్నను మరో దారిలో అడిగారు. లూయిస్ హెన్రీ మోర్గాన్ 1877లో చేసిన అధ్యయనాన్ని ఆధారం చేసుకుని ఎంగెల్స్ 1884లో ఒక వాదం నిలబెట్టాడు: సొంత ఆస్తి ఏర్పడ్డాక, అది తన సంతానానికే చేరాలన్న పురుషుడి కోరిక నుంచి ఏకపత్నీ కుటుంబం పుట్టిందని. 1891లో వెస్టర్‌మార్క్ దీన్ని ఖండించి, బిడ్డలను సుదీర్ఘకాలం పెంచవలసిన అవసరమే మూలమన్నాడు. 1949లో లెవీ-స్ట్రాస్ వచ్చి, వివాహం అంటే కుటుంబాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడమని, శత్రువులు కాగలిగిన రెండు గుంపులను అది బంధువులుగా మారుస్తుందని చెప్పాడు. మూల సిద్ధాంతాల్లో ఏ ఒక్కదాన్నీ నేను పూర్తిగా నమ్మను. మొదటిది ఆస్తి లేని కులాల్లో కూడా పెళ్లి ఎందుకు అంత కట్టుదిట్టంగా ఉంటుందో చెప్పలేదు. రెండోది కేరళలో ఒకప్పటి నాయర్ల ‘సంబంధం’ అనే వివాహ పద్ధతిని వివరించలేదు, అక్కడ బిడ్డలను పెంచే బాధ్యత తండ్రిది కాకుండా తల్లి పుట్టిల్లైన తరవాడుది.

మన తెలుగువాళ్లకు మూడో మాట బాగా అర్థమవుతుంది, కారణం మేనరికం. మేనమామ కూతురినో మేనత్త కూతురినో చేసుకోవడం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రం ప్రత్యేకంగా పేర్కొంది. అంటే శాస్త్రకారుడు ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చినది రెండు వేల ఏళ్లకు పైగా మనకు నిత్యవ్యవహారం. ఒక తరంలో ఇచ్చిన ఆడపిల్ల సంతానంలో ఒకరు తర్వాతి తరంలో మళ్లీ పుట్టింటికి చేరడం, పొలం చెక్కలు కాకుండా నిలవడం, అత్తగారు పరాయిది కాకపోవడం, ఇవన్నీ ఆ ఏర్పాటులో ఉన్నాయి. 1955 హిందూ వివాహ చట్టం నిషిద్ధ సంబంధాల జాబితా ఇచ్చి, వెంటనే ఆచారం అనుమతిస్తే తప్ప అని ఒక మినహాయింపు పెట్టింది. ఆ చిన్న మినహాయింపు లేకపోతే మన ఊళ్లలో ఎన్ని కాపురాలు చెల్లకుండా పోయేవో ఊహించండి. చట్టం రాసేవాళ్లు కూడా ఈ వ్యవస్థ షరతులను ఒంటరిగా రాయలేరన్నదానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

సమ్మతి ఒక్కటే చాలదా అన్నది మీ అసలు ప్రశ్న అని నాకు తోస్తున్నది. దీనికి మన దగ్గరా ఐరోపాలోనూ ఒకే చేదు అనుభవం ఉంది. ధర్మశాస్త్రాలు చెప్పిన ఎనిమిది రకాల వివాహాల్లో గాంధర్వం కేవలం ఇద్దరి ఇష్టంతో జరిగేది. దుష్యంతుడు శకుంతలను అలాగే చేసుకున్నాడు. కొడుకును వెంటబెట్టుకుని ఆమె సభకు వచ్చినప్పుడు నువ్వెవరో తెలియదన్నాడు. నూరు బావుల కంటే ఒక దిగుడుబావి, నూరు పుత్రుల కంటే ఒక సత్యవాక్యం మేలని నన్నయ ఆమె నోట పలికించిన పద్యం మనందరికీ బడిలో వచ్చినదే. చివరికి ఆకాశవాణి పలికితే గాని ఆమె భార్య కాలేకపోయింది. నీ మాట ఒక్కదాని మీద నిన్ను స్వీకరిస్తే లోకం శంకించేదని రాజు తర్వాత సంజాయిషీ చెప్పుకుంటాడు. నాకు ఆ సంజాయిషీ నచ్చదు, కానీ అందులో ఒక నిజం ఉంది: సాక్షి లేని సమ్మతి బలవంతుడికే ఉపయోగపడుతుంది.

ఐరోపాలోనూ మధ్యయుగాల చర్చి సిద్ధాంతం ప్రకారం ఇద్దరూ ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని అనుకుంటే చాలు, పెళ్లి అయిపోయినట్టే. పురోహితుడూ సాక్షులూ లేకున్నా చెల్లేది. దాని ఫలితంగా రహస్య వివాహాల మీద వ్యాజ్యాలు పెరిగాయి. ఒకరు మాట ఇచ్చానంటారు, మరొకరు లేదంటారు. 1215లో చర్చి పెద్దల నాలుగో లాటెరన్ సభ పెళ్లికి ముందస్తు ప్రకటనను తప్పనిసరి చేసింది. 1563లో ట్రెంట్ సభ, పురోహితుడూ సాక్షులూ లేకుంటే పెళ్లే చెల్లదన్నది. ఇంగ్లండులో ఇదే పనిని 1753 నాటి హార్డ్‌విక్ చట్టం చేసింది. అంతకు దాదాపు 3500 ఏళ్ల ముందు బాబిలోనులో హమ్మురాబి శాసనం కూడా ఒప్పందం ఏర్పరచుకోకుండా తెచ్చుకున్న స్త్రీ భార్య కాదని తేల్చి చెప్పింది. మన ఇళ్లలో జీలకర్ర-బెల్లం, పుస్తెలు కట్టడం, తలంబ్రాలు ఊరంతా చూస్తుండగా జరపడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

తత్వవేత్తల విషయానికొస్తే, ముగ్గురిని చదివితే మీ సందేహం మొత్తం కళ్లకు కడుతుంది. కాంట్ 1797లో వివాహాన్ని స్త్రీపురుషులు ఒకరి దేహంపై ఒకరు జీవితాంతం పొందే సమానమైన పరస్పర హక్కుగా నిర్వచించాడు. హక్కు రెండు వైపులా లేకపోతే ఒకరు వస్తువుగా మిగిలిపోతారని ఆయన భయం. హెగెల్ దీన్ని అవమానకరమైన భావనగా తిరస్కరించాడు. వివాహం ఒప్పందంతో మొదలై, ఒప్పందపు దృష్టినే దాటిపోయే సంబంధమని, నాది-నీది అనే లెక్క అక్కడ ఆగిపోవాలని ఆయన వాదం. వినడానికి ఇది మన ‘ధర్మేచ అర్థేచ కామేచ నాతిచరామి’కి దగ్గరగా ఉంటుంది. చాలాకాలం నేను విద్యార్థులకు హెగెల్‌నే ఇష్టంగా చెప్పేవాణ్ణి. అయితే ఎవరి లెక్క ఆగిపోతున్నదన్న ప్రశ్నకు హెగెల్ దగ్గర సరైన జవాబు లేదు. ఆయన కుటుంబంలో భర్తే యజమాని, ఆస్తి నిర్వహణ ఆయనదే.

ఆ ప్రశ్నను సూటిగా అడిగినవాడు జాన్ స్టువర్ట్ మిల్. అప్పటి ఇంగ్లీషు చట్టంలో పెళ్లయిన స్త్రీకి ప్రత్యేక న్యాయ వ్యక్తిత్వమే లేదు. ఆమె ఆస్తి, సంపాదన భర్తవి. 1851లో హారియెట్ టేలర్‌ను పెళ్లాడబోతూ మిల్, ఈ చట్టం తనకిచ్చే అధికారాలను తాను ఒప్పుకోనని, వాటిని ఎన్నడూ వాడనని రాతపూర్వకంగా ప్రకటించాడు. గమనించండి, ఆయన ఆ అధికారాలను చట్టరీత్యా వదులుకోలేకపోయాడు, వాడనని మాట మాత్రమే ఇవ్వగలిగాడు. ఎంత మంచి భర్త అయినా హోదాలోని అన్యాయాన్ని వ్యక్తిగత మంచితనంతో సరిచేయలేడు. అక్కడ ఆస్తి విషయంలో చట్టం బాగా మారడానికి 1882 దాకా పట్టింది. మన స్త్రీధనం ఈ విషయంలో వాళ్లకంటే పాత, మెరుగైన ఊహ. అయినా మా దగ్గరికి వచ్చే కేసుల్లో పుట్టింటివారు పెట్టిన బంగారం అత్తగారి లాకరులో ఉంటుంది, తాళం ఆమె దగ్గర ఉంటుంది. అది పూర్తిగా భార్యదే, భర్త ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పవలసి వచ్చింది.

మన సమాజంలో సంస్కారం అన్న మాటను ఎవరు ఎలా వాడారో చూడకుండా ఈ చర్చ ముగియదు. పెళ్లి విడదీయరాని సంస్కారం కాబట్టి విధవకు మళ్లీ పెళ్లి లేదన్నారు; ఆ నియమం మగవాడికి ఎన్నడూ వర్తించలేదు. 1856లోనే వితంతు వివాహాన్ని అనుమతిస్తూ చట్టం వచ్చినా, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించడానికి 1881 డిసెంబరు 11 దాకా ఆగవలసి వచ్చింది, వెలి భయం అంతటిది. గురజాడ 1897లో అచ్చువేసిన ‘కన్యాశుల్కం’ నాటికి పసిపిల్లలను డబ్బు తీసుకుని ముసలివాళ్లకు కట్టబెట్టడం కూడా మంత్రోక్తంగానే జరిగేది. మంత్రం పవిత్రమైనదే కావచ్చు, అది ఎనిమిదేళ్ల పిల్ల సమ్మతికి బదులు కాజాలదు.

అదే కాలంలో తెలుగు నేలపై శ్రమచేసే కులాల్లో చాలావాటికి మారుమనువు ఉండేది. పొసగకపోతే కులపెద్దల ఎదుట పంచాయితీ పెట్టి, ఓలి (వరుడి తరఫువారు వధువు తరఫువారికి ఇచ్చే) సొమ్ము లెక్క తేల్చుకుని విడిపోయేవారు, స్త్రీ మళ్లీ మనువాడేది. కాబట్టి ‘హిందూ వివాహం విడదీయరానిది’ అన్న వాక్యం చరిత్రలో కొన్ని కులాల విషయంలోనే నిజం. 1955 చట్టం సెక్షన్ 29 ఆచారబద్ధమైన విడాకులను ఇప్పటికీ గుర్తిస్తుంది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక వృద్ధురాలి కేసు నాకు బాగా గుర్తు. యవ్వనంలో మొదటి మనువును పెద్దమనుషులు రద్దు చేశారు, ఆ తర్వాత రెండో భర్తతో ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసింది. ఆయన పోయాక కుటుంబ పింఛను దగ్గర, మొదటి పెళ్లి రద్దయినట్టు కాగితం ఏదని అడిగారు. ఆ కులంలో ఆ ఆచారం అనాదిగా, నిరంతరంగా ఉందని సాక్షులతో రుజువు చేయడం మా పని అయింది. ఊరి పెద్దల్లో బతికి ఉన్న ఇద్దరు వచ్చి చెబితే గెలిచాం. ఇదే కులాల్లో ఓలి పోయి కట్నం రావడం, మారుమనువు పరువు తక్కువగా మారడం రెండు మూడు తరాల్లోనే జరిగిపోయింది. పైకులాల పద్ధతి అనుకరించడాన్ని అభివృద్ధి అనుకున్నాం, ఆడపిల్లకు ఉన్న ఒక స్వేచ్ఛను పోగొట్టుకున్నాం. 1961 కట్న నిషేధ చట్టం ఆ ప్రవాహాన్ని ఆపలేకపోయింది.

బయటికి వచ్చే హక్కు గురించి చెప్పాలంటే ఇద్దరు స్త్రీల కేసులు చెప్పాలి. బొంబాయిలో రుక్మాబాయికి పదకొండేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆమె కాపురానికి వెళ్లనంది. భర్త 1884లో దావా వేశాడు. 1887లో కోర్టు, భర్త దగ్గరికి వెళ్లాలని, లేకుంటే ఆరు నెలల జైలు అని ఆజ్ఞాపించింది. జైలుకే వెళ్తానంది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది, ఆమె లండను వెళ్లి వైద్యురాలై తిరిగి వచ్చింది. కాపురానికి బలవంతంగా పంపే ఈ ‘దాంపత్య హక్కుల పునరుద్ధరణ’ మన శాస్త్రాల్లోనిది కాదు, ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి వచ్చింది. ఇంగ్లండు దాన్ని 1970లో రద్దు చేసుకుంది. మనం 1955 చట్టంలో సెక్షన్ 9గా పెట్టుకున్నాం.

1983లో ఇక్కడే, హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో, సినీనటి సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. తన దేహం మీద, తన మాతృత్వం మీద నిర్ణయం స్త్రీదేనని, ఆ నిర్ణయాన్ని రాజ్యం డిక్రీతో లాక్కోకూడదని ఆయన తీర్పు సారం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో దాన్ని తోసిపుచ్చింది. ఆ సెక్షన్ సంసారాలను నిలబెట్టడానికి ఉపయోగపడుతుందన్నది. నా అనుభవంలో సెక్షన్ 9 కింద వేసే పిటిషన్లలో ఎక్కువ భాగం భార్య వేసిన భరణం కేసుకు ఎదురుగా వేసినవే. నిజంగా కాపురం కోరి వచ్చినవాళ్లు అరుదు. జస్టిస్ చౌదరి తీర్పును నేటికీ నేను మన నగరం భారత కుటుంబ చట్టానికి ఇచ్చిన గొప్ప కానుకల్లో ఒకటిగా భావిస్తాను.

పెళ్లిని ఒప్పందంగా చూసే సంప్రదాయం మన నగరంలో వందల ఏళ్లుగా ఉంది. ముస్లిం నికా మౌలికంగా ఒప్పందమే: ఈజాబ్ (ప్రతిపాదన), కబూల్ (అంగీకారం), సాక్షులు, మెహర్ (భర్త భార్యకు ఇవ్వవలసిన సొమ్ము). భార్య తన షరతులను నికానామాలో రాయించుకోవచ్చు, నిర్ణీత పరిస్థితుల్లో విడాకులు ఇచ్చుకునే అధికారాన్ని కూడా భర్త నుంచి ముందే పొందవచ్చు. సిద్ధాంతంగా ఇది ఎంతో ఆధునికమైనది. పాతబస్తీ నుంచి నా దగ్గరికి వచ్చిన నికానామాల్లో మాత్రం షరతుల భాగం దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. పెళ్లినాడు షరతు అడిగే ధైర్యం ఆడపిల్ల తరఫు వాళ్లకు ఎక్కడిది? ఒప్పందం అనగానే సమానత్వం వచ్చేస్తుందనుకునే మీ స్నేహితులకు ఈ మాట చెప్పండి.

వ్యవస్థ లేకుండా కలిసి బతకడం గురించి అడిగారు. అది నేరమేమీ కాదు. గృహహింస చట్టం, 2005 ‘వివాహం వంటి సంబంధానికి’ రక్షణ ఇచ్చింది. అది ఏమిటో 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు వివరిస్తూ పెట్టిన మొదటి గుర్తు, ఆ ఇద్దరూ లోకం ఎదుట దంపతుల్లా కనిపించి ఉండాలన్నది. చూశారా, పెళ్లి వద్దనుకున్నవాళ్లను కాపాడటానికి కూడా చట్టం లోకం సాక్ష్యాన్నే వెతుకుతోంది. పిల్లల హక్కుల విషయంలో కోర్టులు ఉదారంగానే ఉన్నాయి. వారసత్వంలో మాత్రం భాగస్వామికి చోటు లేదు. సికింద్రాబాదులో ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్న ఒకామెకు, ఆయన హఠాత్తుగా పోయాక, ఎన్నడూ పలకరించని అన్నదమ్ములు వచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నారు. వీలునామా ఉంటే ఆ కేసే వచ్చేది కాదు. ఈ హోదా కోరుతున్నా దొరకనివాళ్లూ ఉన్నారు: స్వలింగ జంటల వివాహ హక్కు విషయంలో 2023లో సుప్రీంకోర్టు, వివాహం ప్రాథమిక హక్కు కాదని, చట్టసభే నిర్ణయించాలని చెప్పింది. హోదా ఇచ్చే అధికారం రాజ్యం దగ్గర ఉన్నంతకాలం దాన్ని నిరాకరించే అధికారం కూడా ఉంటుంది, అది న్యాయమని నేను అనుకోవడం లేదు.

చివరిది, సంతకం సంగతి. రెండు దారులను కలిపేయకండి. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి క్రతువుతోనే అవుతుంది, రిజిస్ట్రేషను దానికి రుజువు మాత్రమే. క్రతువే జరగకపోతే సర్టిఫికెట్టు పెళ్లిని సృష్టించదని సుప్రీంకోర్టు 2024లో మరోసారి స్పష్టం చేసింది. సప్తపది అందరికీ తప్పనిసరి కాదు, మీ రెండు కుటుంబాల్లో ఒకరి ఆచారం ప్రకారం జరిగితే చాలు. 2002 చట్టం ప్రకారం ఇక్కడ ప్రతి పెళ్లినీ నమోదు చేయించాలి కాబట్టి ఆ పని వాయిదా వేయకండి. క్రతువు లేకుండా సంతకంతోనే పెళ్లి కావాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద వెళ్లాలి. మీలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాల కోసం మరో 30 రోజులు ఆగాలి, తర్వాత ముగ్గురు సాక్షులతో వెళ్లాలి. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే ఆ నోటీసు చెల్లకుండా పోతుంది, మళ్లీ కొత్త నోటీసు ఇవ్వవలసి ఉంటుంది.